ఎమర్సన్, హాథార్న్, మెల్విల్, పో: వీళ్ళందరినీ ఒకే గాటన ఎలా కట్టారు?

గోదారి_రేవతి

అందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. ఇంగ్లీష్ రెండో ఏడాది. ఈ సెమిస్టర్‌లో అమెరికన్ లిటరేచర్ పేపర్ ఉంది. ఎమర్సన్ వ్యాసం ఒకటి, థోరో ‘వాల్డెన్’లో రెండు అధ్యాయాలు, హాథార్న్ ‘ది స్కార్లెట్ లెటర్’, పో కథ ఒకటి, ‘మోబీ డిక్’లో కొన్ని భాగాలు, కాస్త విట్మన్. గైడ్‌లో వీళ్ళందరినీ అమెరికన్ రొమాంటిక్ ఉద్యమం అనేసి, కలిపి ఒకటే పేరా: ప్రకృతి ప్రేమ, భావావేశం, ఊహాశక్తి, వ్యక్తి స్వేచ్ఛ. ఇంగ్లండ్ కవులకు రాసిన పేరానే పేర్లు మార్చి ఇక్కడ దించేశారని నా అనుమానం.

ఎమర్సన్ ఏమో నీలోనే దైవం ఉంది, నిన్ను నువ్వు నమ్ముకో అంటాడు. హాథార్న్ చదివితే మనిషి లోపలంతా పాపం, దాపరికం. మెల్విల్ దగ్గరికొచ్చేసరికి తనను తాను నమ్ముకున్న కెప్టెన్ ఓడనే ముంచేస్తాడు. వీళ్ళంతా ఒకే ఉద్యమం ఎలా అయ్యారు? సెమినార్‌లో పావుగంట మాట్లాడాలి. మార్కుల సంగతి తర్వాత, ముందు నాకు అర్థం కావాలి.

పాతపుస్తకాల_వీధి

రేవతి గారూ, మీ అనుమానం సబబే. మన కాలేజీల్లో రొమాంటిక్ అనగానే వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్స్. మన భావకవులు కూడా వాళ్ళనే చదువుకున్నారు కాబట్టి ఆ కొలబద్ద మనకు బాగా అలవాటైపోయింది. దాన్నే అమెరికాకీ పెడతాం.

ముందు తేదీలు చూడండి. ‘లిరికల్ బాలడ్స్’ 1798లో వచ్చింది. కీట్స్ 1821లో, షెల్లీ 1822లో, బైరన్ 1824లో పోయారు. ఎమర్సన్ ‘నేచర్’ అచ్చయింది 1836లో. ఇంగ్లండ్‌లో ఆ హడావుడి సద్దుమణిగాక అమెరికాలో అసలు సంగతి మొదలైంది. అంతకు ముందు ఎవరూ లేరని కాదు. బ్రయంట్ ‘థనటాప్సిస్’ 1817, వాషింగ్టన్ ఇర్వింగ్ ‘స్కెచ్ బుక్’ 1819-20, కూపర్ ‘ది లాస్ట్ ఆఫ్ ది మోహికన్స్’ 1826. ఇర్వింగ్ కథలో రిప్ వాన్ వింకిల్ ఇరవై ఏళ్ళు నిద్రపోయి లేచేసరికి సత్రం బోర్డు మీద జార్జి రాజుగారి ఎర్రకోటు నీలం రంగుకి మారి, కింద జనరల్ వాషింగ్టన్ అని పేరు ఉంటుంది. బొమ్మ మాత్రం అదే! స్వాతంత్ర్యం వచ్చింది గానీ మన సొంతం అనదగ్గది ఏముంది అన్న ఆ దేశపు బెంగ అంతా ఆ బోర్డులో కనపడుతుంది నాకు.

ఆలస్యానికి డబ్బు కారణం కూడా ఉంది, గైడ్లలో రాయరు. అప్పట్లో అమెరికాలో విదేశీ రచయితలకు కాపీరైట్ లేదు. స్కాట్, తర్వాత డికెన్స్ నవలల్ని అక్కడి ప్రచురణకర్తలు చట్టప్రకారం రచయితకు పైసా ఇవ్వక్కర్లేకుండా అచ్చేసుకునేవారు. ఊరికే దొరికే డికెన్స్‌ని వదిలి, డబ్బులిచ్చి హాథార్న్‌ని ఎవరు వేస్తారు? ఆ చట్టం 1891లో గానీ మారలేదు.

ఇక మీ ప్రశ్న. 1850 నుంచి 1855 దాకా చూడండి: ‘స్కార్లెట్ లెటర్’, ‘మోబీ డిక్’, ‘అంకుల్ టామ్స్ కేబిన్’, ‘వాల్డెన్’, ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’. అన్నీ ఆ కొద్ది ఏళ్ళలోనే. వీళ్ళలో కొందరిని ఒక చోట చేర్చి గట్టిగా వాదించిన పుస్తకం మాథిసెన్ అనే విమర్శకుడు రాసిన ‘అమెరికన్ రినైజాన్స్’, 1941. మీ గైడ్ వాళ్ళకి తెలిసినా తెలియకపోయినా ఆ పుస్తకం నీడలోనే ఉన్నారు. అందులో ఎమర్సన్, థోరో, హాథార్న్, మెల్విల్, విట్మన్. అయిదుగురూ మగవాళ్ళు, అయిదుగురూ తెల్లవాళ్ళు. అది ఇంకో గొడవ.

బోస్టన్_బాబాయ్

రేవతీ, ఉద్యమం అనే మాట కాసేపు పక్కన పెట్టమ్మా. కాంకర్డ్ అనే చిన్న ఊరు ఊహించుకో. బోస్టన్‌కి పడమర, రైలెక్కితే దగ్గరే. మా ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా అక్కడికే తీసుకెళ్తుంటాను, అందుకని చెప్తున్నా.

ఊళ్ళో నది ఒడ్డున ఓల్డ్ మాన్స్ అని ఒక ఇల్లుంది. ఎమర్సన్ ‘నేచర్’లో చాలా భాగం అక్కడ కూర్చునే రాశాడు. తర్వాత 1842లో అదే ఇంట్లోకి కొత్తగా పెళ్ళయిన హాథార్న్ దంపతులు అద్దెకు దిగారు. వాళ్ళొచ్చేసరికి పెరట్లో కూరగాయల పాదులు వేసి పెట్టిందెవరనుకున్నావ్? థోరో. తర్వాత తన పడవ కూడా ఏడు డాలర్లకి హాథార్న్‌కి అమ్మాడు. థోరో గుడిసె వేసుకున్న వాల్డెన్ చెరువు గట్టు స్థలం ఎమర్సన్‌ది. లూయీసా మే ఆల్కాట్ కూడా ఆ ఊళ్ళోనే పెరిగింది. ఇప్పుడు ఎమర్సన్, థోరో, హాథార్న్, ఆల్కాట్ స్లీపీ హాలో శ్మశానంలో ఒకే గుట్ట మీద దగ్గర దగ్గరగా ఉన్నారు. థోరో రాయి దగ్గర జనం పెన్సిళ్ళు పెట్టి వెళ్తారు, వాళ్ళది పెన్సిళ్ళు తయారుచేసే కుటుంబం కదా.

వీళ్ళు ఒకే మాట అన్నవాళ్ళు కారు. ఒకళ్ళ మాట ఒకళ్ళకి పడకపోయినా రోజూ ఎదురుపడక తప్పని ఇరుగుపొరుగు.

చేదుమాత్ర

థోరో పేరెత్తితే నాకు నవ్వొస్తుంది. అడవిలో ఒంటరిగా బతికానని పుస్తకం రాశాడు. ఊరు నడిచివెళ్ళే దూరం. ఆదివారం భోజనం అమ్మ దగ్గర, బట్టలు ఉతికింది ఇంట్లోవాళ్ళు. ఎమర్సన్ స్థలంలో అద్దె లేకుండా ఉండి మనకి స్వావలంబన పాఠాలు. మా ఆఫీసులో వీకెండ్‌కి ఫామ్‌హౌస్‌కి వెళ్ళి ఫొటోలు పెట్టే బ్యాచ్‌కి ఇతనే ఆదిపురుషుడు.

కలం_కారం

చేదుమాత్ర గారూ, ఈ మాట నెట్‌లో ఏడాదికోసారి తిరుగుతూనే ఉంటుంది. పుస్తకం తెరిచినవాళ్ళకి అందులో కొత్తేమీ కనపడదు. స్థలం ఎవరిదో దాచలేదు. ఊళ్ళోకి తరచూ వెళ్ళొస్తానని, అప్పుడప్పుడు బయట భోంచేస్తానని తనే రాశాడు. గుడిసెకి అయిన ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అని మేకులతో సహా పద్దు వేసి చూపించాడు. చిక్కుడు పంట మీద మిగిలింది 8 డాలర్ల డెబ్భై ఒకటిన్నర సెంట్లు. ఇంట్లో మూడు కుర్చీలు: ఒకటి ఏకాంతానికి, రెండు స్నేహానికి, మూడు నలుగురికీ. సన్యాసికి మూడు కుర్చీలెందుకండీ? 1845 జూలై 4న వెళ్ళి 1847 సెప్టెంబర్ 6న తిరిగొచ్చేశాడు. బతకడానికి నిజంగా ఎంత కావాలో లెక్క తేల్చుకోడానికి వెళ్ళాడు, అంతే.

థోరోని తిట్టాలంటే దానికి వేరే చోటుంది. ఆ గుడిసె చెక్కలు జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ రైల్వే కూలీ దగ్గర నాలుగుంపావు డాలర్లకి కొన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆ కుటుంబం మూటముల్లె సర్దుకుని వెళ్ళిపోతుంటే దారిలో ఎదురైన సంగతి చాలా చల్లగా రాస్తాడు. ఇంకో అధ్యాయంలో జాన్ ఫీల్డ్ అనే ఐరిష్ బీదవాడి ఇంట్లో వానకి తలదాచుకుని, కాఫీ మానెయ్, మాంసం మానెయ్, అప్పుడింత చాకిరీ చెయ్యక్కర్లేదు అని ఉపదేశం చేస్తాడు. పెళ్ళాం పిల్లలున్న కూలీకి! అది చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. అమ్మ పెట్టిన భోజనం సంగతి దీని ముందు ఎంత.

చెన్నపట్నం_చిన్నోడు

వాల్డెన్ అంటే మా మద్రాసు గుర్తొస్తుంది నాకు. ట్రిప్లికేన్ బీచ్ రోడ్డులో ఐస్ హౌస్ ఉంది కదా, ఇప్పుడు వివేకానందర్ ఇల్లం. దాన్ని 1842లో కట్టించింది ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి. మసాచుసెట్స్ చెరువుల్లో గడ్డకట్టిన మంచుని రంపాలతో కోసి, రంపపు పొట్టులో చుట్టి, ఓడల్లో కలకత్తా, బొంబాయి, మద్రాసులకి పంపేవాడు. కలకత్తాకి మొదటి ఓడ 1833లో వచ్చింది.

1846-47 చలికాలంలో వాల్డెన్ చెరువులో ఐరిష్ కూలీలు మంచు కోస్తుంటే థోరో గుడిసెలోంచి చూశాడు. అప్పుడు రాసిన మాటలు: మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో ఉక్కపోతతో అల్లాడేవాళ్ళు నా బావి నీళ్ళు తాగుతున్నారు, నేనేమో పొద్దున్నే భగవద్గీతలో బుద్ధిని స్నానం చేయిస్తున్నాను, వాల్డెన్ నీళ్ళూ గంగానీళ్ళూ కలిసిపోతున్నాయి అని. ఆ రోజుల్లో నెల్లూరు నుంచో బందరు నుంచో మద్రాసు కోర్టు పనికి వెళ్ళిన మన ముత్తాతలకి ఆ మంచు కనీసం కంటపడి ఉంటుందా అని ఆలోచిస్తుంటాను. అది దొరల బల్లల మీదికి వెళ్ళే సరుకు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ ఏడు కోసిన మంచు పదివేల టన్నుల దాకా గుట్టగా పేర్చారట. అందులో కొంతే పట్టుకెళ్ళారు. మిగిలింది ఎండకీ వానకీ అలాగే పడి ఉండి 1848 సెప్టెంబర్ దాకా కరుగుతూ మళ్ళీ చెరువులోకే చేరిందని అదే అధ్యాయంలో ఉంది. గంగ మాట తర్వాత, ముందు చెరువు తన నీళ్ళు తను వెనక్కి తీసేసుకుంది. రొమాంటిక్ ఊహా, పద్దుపుస్తకం ఒకే అధ్యాయంలో పక్కపక్కనే ఉంటాయి. థోరో అంటే నాకు అందుకే ఇష్టం.

సత్యమేవ_1947

అందరూ గమనించాల్సింది ఇదే. ఎమర్సన్, థోరో చెప్పిందంతా మన ఉపనిషత్తుల్లోదే. ఎమర్సన్ ఏకంగా ‘బ్రహ్మ’ అని కవిత రాశాడు. మనిషిలోనూ ప్రకృతిలోనూ దైవం ఉందనే వాళ్ళ ట్రాన్సెండెంటలిజం మన అద్వైతానికి కాపీ.

పాతపుస్తకాల_వీధి

సత్యమేవ గారూ, కవిత నిజమే. 1857లో ‘అట్లాంటిక్ మంత్లీ’ మొదటి సంచికలో వచ్చింది. చంపేవాడు తాను చంపుతున్నాననుకున్నా, చచ్చేవాడు తాను చచ్చాననుకున్నా ఇద్దరికీ తెలియదు అనే మొదలు కఠోపనిషత్తులోనూ గీతలోనూ ఉన్నదే. విష్ణుపురాణం అనువాదం చదివి ‘హమత్రేయ’ అని ఇంకో కవిత కూడా రాశాడు. భూమి నాది నాది అన్న రైతులందరూ భూమిలోకే పోయారని అందులో భూదేవి నవ్వుతుంది.

కానీ కాపీ అనడానికి తేదీలు ఒప్పుకోవు. ‘నేచర్’ 1836, ‘సెల్ఫ్ రిలయన్స్’ 1841. విల్కిన్స్ గీత ఇంగ్లీషు అనువాదం ఎమర్సన్ చేతికి వచ్చింది 1845లో. అప్పటికే కోల్‌రిడ్జ్ ద్వారా అందిన జర్మన్ తత్త్వం, ప్లేటో, సొంత చర్చి మీద తిరుగుబాటు, ఇవన్నీ అతనిలో ఉన్నాయి. 1832లో బోస్టన్‌లో పాస్టరు ఉద్యోగం వదిలేశాడు. 1838లో హార్వర్డ్ డివినిటీ స్కూల్లో చేసిన ప్రసంగానికి పెద్దలు ఎంత మండిపడ్డారంటే సుమారు ముప్ఫై ఏళ్ళు మళ్ళీ అక్కడికి పిలవలేదు. తన దారిన తను వెతుక్కుంటూ వెళ్తున్నవాడికి గీత దొరికింది, ఇది నా మాటలాగే ఉందే అనుకున్నాడు. మనం గర్వపడాలంటే ఆ మాత్రం చాలదా? అంతా మనదే అనడం ఎందుకు?

గోదారి_రేవతి

చర్చ చాలా బాగుంది, నోట్సు రాసుకుంటున్నా. కానీ నా టెన్షన్ హాథార్న్ గురించే. ఎమర్సన్‌తో ఇతన్ని ఎక్కడ కలపాలి? లేక కలపకుండా వదిలేయనా?

రిటైర్డ్_లెక్చరర్

అమ్మా రేవతీ, కలపొద్దు, ఎదురెదురుగా కూర్చోబెట్టు. నేను క్లాసులో చేసిన పని చెప్తాను.

ముందు హాథార్న్ ఎవరో చూడు. 1804లో సేలంలో పుట్టాడు. 1692లో ఆ ఊళ్ళో మంత్రగత్తెలంటూ జనాన్ని ఉరితీసినప్పుడు విచారణ జరిపినవాళ్ళలో ఇతని ముత్తాతకి తండ్రి జాన్ హాథార్న్ ఒకడు. ఇంటిపేరు స్పెల్లింగులో ఒక అక్షరం ఇతను చేర్చుకున్నాడు. ఎమర్సన్ గతాన్ని వదిలించుకో అంటాడు. హాథార్న్‌కి గతం ఇంటిపేరులోనే ఉంది. 1849లో ప్రభుత్వం మారి సేలం కస్టమ్ హౌస్ ఉద్యోగం ఊడింది. ఆ వెంటనే రాసిన నవలే ‘ది స్కార్లెట్ లెటర్’. మొదటి విడత 2,500 ప్రతులు పది రోజుల్లో అయిపోయాయి.

ఇప్పుడు 18, 19 అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుని చదువు. వ్యభిచారం చేసిందని ఊరు గుండెల మీద ఎర్ర అక్షరం తగిలించిన హెస్టర్, ఆమె బిడ్డకి రహస్యంగా తండ్రి అయిన పాస్టర్ డిమ్స్‌డేల్ అడవిలో కలుస్తారు. ఊరి కళ్ళకి దూరంగా. పారిపోదాం, కొత్తగా బతుకుదాం అంటుంది ఆమె. గుండెల మీద ఆ ఎర్ర అక్షరాన్ని తీసి విసిరేస్తుంది. టోపీ తీసి జుట్టు విప్పుకుంటుంది. అంతవరకూ మబ్బుగా ఉన్న అడవిలోకి ఒక్కసారిగా ఎండ వచ్చి పడుతుంది. చూశావా, ఇదంతా ఎమర్సనే! ప్రకృతి మనిషి పక్షాన ఉంది, లోపలి మాట విన్నవాళ్ళకి ఆకాశం తలుపు తీసింది. ఇక్కడితో ఆపితే నీ గైడులో పేరా సరిగ్గా సరిపోతుంది.

హాథార్న్ ఆపడు. పసిపిల్ల పెర్ల్ వాగు అవతలి ఒడ్డున నిలబడి ఉంది. రమ్మంటే రాదు. తల్లి గుండెల మీద అక్షరం లేదు, అందుకని. కాళ్ళు నేలకేసి కొడుతుంది, కేకలు పెడుతుంది. హెస్టర్ చివరికి ఆ అక్షరం ఏరుకుని మళ్ళీ తగిలించుకుని, జుట్టు టోపీలోకి దోపుకున్నాకే పిల్ల దగ్గరికొస్తుంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. చర్చీ లేదు, జడ్జీ లేడు. కన్నకూతురే. తల్లిని ఆ గుర్తుతోనే ఎరిగిన పిల్లకి అది లేని ఆమె అమ్మ కాదు.

ఎమర్సన్‌ని అబద్ధం అనడం లేదు హాథార్న్. ఆ ఎండ నిజంగానే వచ్చింది. కానీ మనం ఒంటరిగా లేం, మనల్ని ఇలాగే ఎరిగినవాళ్ళు అవతలి ఒడ్డున ఉన్నారు అంటున్నాడు. నీ సెమినార్‌కి ఈ రెండు అధ్యాయాలు చాలు. మరుసటి ఏడు ‘హౌస్ ఆఫ్ ది సెవెన్ గేబుల్స్’ ముందుమాటలో రొమాన్స్ వేరు, నవల వేరు అని అతనే వివరంగా రాశాడు, అది కూడా రెండు పేజీలే. చదువు.

విశాఖ_నావికుడు

మాస్టారూ, దండాలు. కాలేజీలో మీలాంటి వాళ్ళు చెప్పి ఉంటే నేను ఓడ ఎక్కేవాణ్ణి కాదేమో.

నేను మర్చంట్ నేవీలో ఇంజిన్ సైడ్. ‘మోబీ డిక్’ గురించి మాత్రం మాట్లాడనివ్వండి. రేవతి గారూ, మీ సిలబస్‌లో ఏ భాగాలిచ్చారో తెలీదు. ‘ది మాస్ట్ హెడ్’ అని 35వ అధ్యాయం లేకపోతే సొంతంగా చదవండి. ఎందుకంటే ఎమర్సన్‌కి మెల్విల్ ముఖం మీదే ఇచ్చిన జవాబు అది.

‘నేచర్’ మొదట్లో ఎమర్సన్ సాయంత్రం మంచు కరిగిన గుంటల మధ్య నడుస్తుంటాడు. నేను అన్నదే పోయి పారదర్శకమైన కనుగుడ్డునైపోయాను, నేను ఏమీ కాను, అంతా చూస్తున్నాను, విశ్వాత్మ నాలోంచి ప్రవహిస్తోంది అంటాడు. ఇప్పుడు మెల్విల్: తిమింగలాల ఓడలో స్తంభం మీద నిఘాకి ఎక్కిన కుర్రాడు, చదువుకున్నవాడు, కలలు కనేవాడు. పైన వంద అడుగుల ఎత్తులో అలల ఊగుడికి మైమరిచిపోతాడు. తనెవరో మర్చిపోతాడు. సముద్రమే తన ఆత్మ అనిపిస్తుంది. అచ్చం ఎమర్సన్ అనుభవమే, అంత అందంగానూ రాశాడు. తర్వాత ఒక్క ముక్క. చెయ్యో కాలో అంగుళం జారనీ, ఆ నడి మధ్యాహ్నం గొంతులో సగం కేకతో సముద్రంలో పడతావు, మళ్ళీ పైకి రావు, సర్వమూ దేవుడేననే పెద్దమనుషులారా జాగ్రత్త అని.

ఎత్తు మీద పని చేసినవాడికి ఆ పేరా చదివితే అరికాళ్ళు చెమటలు పడతాయి. మెల్విల్ తిమింగలాల ఓడలో నిజంగా పనిచేశాడు. ఎమర్సన్ నేల మీద నడుస్తూ కనుగుడ్డు అయ్యాడు, పడితే బురదలో పడతాడు. తేడా అదే.

ఆ తర్వాతి అధ్యాయమే ‘ది క్వార్టర్ డెక్’. అందులో, తన కాలు తీసిన తెల్ల తిమింగలం మీద పగబట్టిన కెప్టెన్ ఏహాబ్, కనిపించేదంతా అట్టముసుగు, కొడితే దాని వెనకున్నదాన్నే కొట్టాలి అని మొత్తం సిబ్బందిని ఊపేస్తాడు. ఎవరి మాటా వినకు, నీ లోపలి మాటే నిజం అన్న సూత్రాన్ని కెప్టెన్ చేతిలో పెట్టి చూడండి. అతని లోపలి మాటకి క్వీక్వెగ్, టాష్టెగో, డాగూ, పిప్ అందరూ చచ్చారు. మొదటి అధికారి స్టార్బక్‌కి ఇది తప్పని తెలుసు, తుపాకీ చేతిలోకి తీసుకుని కూడా వాడలేకపోతాడు. ఓడలో పనిచేసిన ఎవరికైనా ఈ పరిస్థితి తెలుసు. అది తప్పు ఆర్డరని అందరికీ తెలుస్తూనే ఉంటుంది, అందరూ ‘యస్ సర్’ అంటూనే ఉంటారు.

ఇంకోటి. ఈ పుస్తకం అంకితం ఇచ్చింది హాథార్న్‌కి. ఇద్దరికీ 1850 ఆగస్టులో పరిచయమైంది. లండన్‌లో ముందు మూడు భాగాలుగా అచ్చయినప్పుడు చివరి ఎపిలోగ్ ఎగిరిపోయింది. కథ చెప్పే ఇష్మాయిల్ ఎలా బతికాడో అందులోనే ఉంది. అందరూ చచ్చాక కథ చెప్పేది ఎవరయ్యా అని అక్కడి విమర్శకులు ఏకిపారేశారు. పాపం, అచ్చులో పోయిన ఒక్క పేజీకి. మెల్విల్ తర్వాత న్యూయార్క్ కస్టమ్స్‌లో పంతొమ్మిదేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి 1891లో పోయాడు. అతను రాసి వదిలిన ‘బిల్లీ బడ్’ నవలిక 1924లో గానీ అచ్చవలేదు.

చేదుమాత్ర

నావికుడు అన్నా, పోస్టు అదిరింది. కానీ తిమింగలాల రకాల మీద ఆ లెక్చరు అధ్యాయాలు ఎవరు చదువుతారు? నేను ‘సెటాలజీ’ దగ్గర పుస్తకం మూసేశా.

విశాఖ_నావికుడు

దాటేసి వెళ్ళు తమ్ముడూ, ఎవరూ కొట్టరు. కానీ ‘ది ట్రై వర్క్స్’ దాటేయకు. రాత్రిపూట ఓడ మీదే పొయ్యిలు పెట్టి కొవ్వు కాచి నూనె తీసే అధ్యాయం. అప్పటి ఇళ్ళల్లో వెలిగిన దీపాల వెనక ఎంత పొగ, ఎంత కంపు, ఎంత చావు ఉందో తెలుస్తుంది.

కాకి_నాడు

ఇంతమంది మాట్లాడారు, పో గురించి ఒక్కరూ ఎత్తరేం? మాథిసెన్ వదిలేశాడు, మీరూ వదిలేశారు. పో పుట్టింది 1809లో బోస్టన్‌లోనే, కానీ బోస్టన్ రచయితలంటే పడేది కాదు. వాళ్ళని కప్పల చెరువు బ్యాచ్ అని వెక్కిరించాడు. ప్రకృతిలో దైవం, ఆత్మోన్నతి, ఇవేవీ అతనికి అక్కర్లేదు. కవిత నీతి చెప్పకూడదు, చదివేవాడి మీద పడే ప్రభావమే ముఖ్యం అన్నాడు. ‘రేవెన్’ అనే తన కవితని లెక్కల సమస్య చేసినట్టు అంచెలంచెలుగా ఎలా కట్టాడో 1846లో వ్యాసం రాశాడు. నిజంగా అలాగే రాశాడని నేను నమ్మను గానీ, ఆవేశం అనే గైడు పేరా మీద ఇంతకంటే పెద్ద రాయి ఎవరూ వెయ్యలేదు. ఫ్రాన్స్‌లో కవి బోదిలేర్ అనువాదాలు చేసి నెత్తిన పెట్టుకున్నాడు.

అసలు 1841లో ‘మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్’లో డ్యుపిన్ లేకపోతే హోమ్స్ లేడు. హోమ్స్ లేకపోతే మన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ ఎలా ఉండేవాడో!

నల్లమల_గాలి

ఒక మాట. ప్రకృతి, ప్రకృతి అంటున్నారు. ఆ అడవి ఎవరిది? ‘లాస్ట్ ఆఫ్ ది మోహికన్స్’ వచ్చింది 1826లో. 1830లో స్థానిక తెగల్ని తరలించే ఇండియన్ రిమూవల్ చట్టం. అంటే ఇంకా బతికున్నవాళ్ళని నవలలో ‘ఆఖరివాడు’ అని ఏడ్చి సాగనంపారు, నాలుగేళ్ళకి చట్టం చేసి మిగతా తెగల్ని తరిమారు. మోహికన్లు ఇప్పటికీ విస్కాన్సిన్‌లో ఉన్నారు, వాళ్ళకి సొంత తెగ ప్రభుత్వం ఉంది. నిర్మానుష్యమైన అడవి అనేది ఖాళీ చేయించాక కనిపించిన దృశ్యం. పులుల కోసమంటూ చెంచులు ఊళ్ళు ఖాళీ చెయ్యాలనే మాట తరచూ వినే నాకు ఈ కవిత్వం మీద అనుమానం పోదు.

న్యాయంగా చెప్పాలంటే ఎమర్సన్ 1838లో చెరొకీ తెగ తరలింపు మీద అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌కి ఘాటుగా బహిరంగ లేఖ రాశాడు. 1850లో పారిపోయిన బానిసల్ని పట్టి యజమానులకి అప్పగించాలనే చట్టం వచ్చినప్పుడు, చదువూ రాతా వచ్చినవాళ్ళు ఇలాంటి చట్టం చేశారా, దేవుడి మీద ఒట్టు, నేను దీనికి లొంగను అని డైరీలో రాసుకున్నాడు. థోరో పన్ను కట్టనని 1846లో ఒక రాత్రి జైల్లో ఉన్నాడు. ఎవరో కట్టేస్తే మర్నాడు వదిలేశారు. దాని మీద 1849లో వచ్చిన వ్యాసాన్నే గాంధీ దక్షిణాఫ్రికాలో చదివి 1907లో ‘ఇండియన్ ఒపీనియన్’లో వేశాడు. మరి హాథార్న్? 1852లో స్నేహితుడు ఫ్రాంక్లిన్ పియర్స్ ఎన్నికల కోసం జీవితచరిత్ర రాసిపెట్టాడు. ఆ చట్టాన్ని గట్టిగా అమలుచేసిన అధ్యక్షుడు ఆ పియర్సే. ప్రతిఫలంగా లివర్‌పూల్‌లో కాన్సల్ ఉద్యోగం. మాస్టారు గారికి కోపం రావచ్చు, కానీ పాపం గురించి అంత లోతుగా రాసినవాడికి కళ్ళెదుటి పాపం కనపడలేదు.

థోరో గుడిసెలోకి మారిన 1845లోనే, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ వచ్చింది. మనిషి బానిస ఎలా అయ్యాడో చూశారు, బానిస మనిషి ఎలా అయ్యాడో ఇప్పుడు చూస్తారు అని చెప్పి, కోవీ అనే క్రూరుడితో తను కలబడ్డ ఘట్టం మొదలుపెడతాడు. స్వావలంబనకి ఇంతకంటే గట్టి పేజీ ఎమర్సన్ రాశాడా? సిలబస్‌లో ఇతను ‘బానిస కథనాలు’ అనే వేరే యూనిట్‌లో ఉంటాడు. ఎందుకు?

రిటైర్డ్_లెక్చరర్

కోపం ఎందుకు నాయనా. పియర్స్ పుస్తకం హాథార్న్‌కి మచ్చే. కాంకర్డ్‌లో స్నేహితులకీ మింగుడుపడలేదు. డగ్లస్‌ని ఈ జాబితాలోకి తేవాలన్నదానికి నేను ఒప్పుకుంటాను. కాకపోతే హాథార్న్‌కి కనపడలేదని అనను. కనపడింది, కాలమే సరిచేస్తుందిలే అనుకుని తప్పుకున్నాడు. అది ఇంకా పెద్ద తప్పు.

మధుమాలతి

ఆడవాళ్ళ సంగతి నేను ఎత్తకపోతే ఈ చర్చలో ఎవరూ ఎత్తేట్టు లేరు. ట్రాన్సెండెంటలిస్టుల పత్రిక ‘ది డయల్’కి మొదటి సంపాదకురాలు మార్గరెట్ ఫుల్లర్. ఆమె ‘వుమన్ ఇన్ ది నైన్టీన్త్ సెంచరీ’ 1845. ఇటలీ విప్లవాన్ని రిపోర్ట్ చేసి, భర్తతో, పసిబిడ్డతో తిరిగొస్తూ 1850 జూలైలో న్యూయార్క్ తీరానికి చేరువలోనే ఓడ మునిగి ముగ్గురూ చనిపోయారు. ఎమర్సన్ థోరోని ఆ ఒడ్డుకి పంపించాడు, ఆమె రాతప్రతి ఏమైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు.

ఎమిలీ డికిన్సన్ దాదాపు 1,800 కవితలు రాస్తే బతికుండగా అచ్చయినవి పది, పన్నెండు. మొదటి పుస్తకం పోయిన నాలుగేళ్ళకి, 1890లో. అదే కాలంలో ఆడవాళ్ళు రాసిన నవలలు లక్షల్లో అమ్ముడుపోతుంటే మన హాథార్న్ గారు 1855లో పబ్లిషర్‌కి ఉత్తరం రాస్తూ గీకిపారేసే ఆడమంద అని తిట్టాడు. హెస్టర్‌ని సృష్టించినవాడే! ‘అంకుల్ టామ్స్ కేబిన్’ ఒక్క ఏడాదిలో అమెరికాలో మూడు లక్షల ప్రతులు పోయింది, ‘మోబీ డిక్’ మెల్విల్ జీవితకాలం మొత్తంలో నాలుగు వేలు కూడా పోలేదు. ఎవరిది ప్రధాన స్రవంతి, ఎవరిది పక్క కాలవ? 1941లో ప్రొఫెసర్లు తిప్పి రాసినట్టేనా?

గోదారి_రేవతి

అందరికీ థాంక్స్. మాస్టారూ, నా పావుగంట ఇలా అనుకుంటున్నా: ఎమర్సన్ కనుగుడ్డు పేరా, దానికెదురుగా పెర్ల్ వాగు దగ్గరి దృశ్యం, మాస్ట్ హెడ్. ఆ తర్వాత డగ్లస్ కలబడే పేజీ, సిలబస్‌లో లేకపోయినా. ఉద్యమం అంటే ఒకే నమ్మకం కాదని, ఎమర్సన్ వేసిన ప్రశ్నకి ఒక్కొక్కరు ఇచ్చిన జవాబు అని చెప్పేస్తా. పో ఆ ప్రశ్ననే ఒప్పుకోలేదని ఒక వాక్యం. కాకి_నాడు గారు కోప్పడకండి, టైం లేదు.

విట్మన్ ఒక్కడు మిగిలాడు. ‘సాంగ్ ఆఫ్ మైసెల్ఫ్’ చాలా పెద్దది. ఏ ముక్క తీసుకోను?

కాకి_నాడు

ఒక వాక్యమా! సరే, పరీక్షలయ్యాక వేరే థ్రెడ్ పెడతా.

పాతపుస్తకాల_వీధి

1855లో విట్మన్ సొంత డబ్బుతో 795 ప్రతులు వేసుకున్నాడు. కవితలు పన్నెండే, కవర్ మీద కవి పేరు కూడా లేదు. ఒకటి ఎమర్సన్‌కి పంపాడు. ఆయన మెచ్చుకుంటూ ఉత్తరం రాస్తే, అడగకుండానే అందులో ముక్కని మరుసటి ఏడు రెండో ఎడిషన్ పుస్తకం వీపు మీద బంగారు అక్షరాలతో కొట్టించేశాడు. మన సినిమా పోస్టర్ల మీద రివ్యూ రేటింగులు వేసే పద్ధతికి తాతగారు.

మీ వరసకి పదో సెక్షన్ సరిపోతుంది. పారిపోయి వచ్చిన బానిస కవి ఇంటి బయట ఆగుతాడు. లోపలికి తీసుకొచ్చి, చెమటపట్టిన ఒంటికీ పుండుపడిన కాళ్ళకీ నీళ్ళు పెట్టి, ముతకవైనా శుభ్రమైన బట్టలిచ్చి, తన గదిలోంచే వెళ్ళే గదిలో పడుకోబెడతాడు. వారం ఉంచుకుని ఉత్తరానికి సాగనంపుతాడు. భోజనాల బల్ల దగ్గర తన పక్కనే కూర్చోబెట్టుకుంటాడు, తుపాకీ మూలకి ఆనించి ఉంటుంది. పది లైన్ల పని, డగ్లస్ తర్వాత పెడితే అతుకుతుంది. మీ దగ్గరున్నది 1855 పాఠమైతే సెక్షన్ నంబర్లు ఉండవు, అవి తర్వాతి ఎడిషన్లలో చేర్చినవి. వేటకెళ్ళడం, పడవ ప్రయాణం, పెళ్ళి దృశ్యం వరసగా వస్తాయి, ఆ వెంటనే చూడండి.